పోగుల అద్దము, రాతిగుల్ల

భివండి బజారునకు కోరాబట్ట కొనవచ్చిన అనుభవజ్ఞుడైన దళారి, థాను విప్పించి చేతితో నిమిరి మెచ్చుకొనడు. గంజి దట్టముగా పట్టించిన బట్ట యెంత పలుచనిదైనను చేతికి దిట్టముగనే తగులునని అతడెరుగును. జేబులోనుండి మూడు మడతల చిన్న భూతద్దమును తీసి, బట్టమీద నిలిపి, దాని యడుగున నున్న అంగుళపు చదరములో కనవచ్చు పడుగుపోగులను ఒకమారును, పేకపోగులను ఒకమారును సూదిమొనతో లెక్కించి, అటుపిమ్మటనే ధర పలుకును. రంగు మోసగించును, మెరుగు మోసగించును, అమ్మువాని మాట సరేసరి. పోగుల లెక్క మాత్రము మోసగింపనేరదు. ఇట్టి యద్దమును జేబులో నుంచుకొనియే యొకడు భివండి నుండి బయలుదేరి బొంబాయి తీరపు నల్లరాళ్ళ మీదికి పోయి, శనగగింజ మొదలుకొని రేగుపండంత వరకు గల బూడిదవన్నె గుల్ల నొకదానిని అరచేత నుంచుకొని, దీనిపేరేమి యని ప్రశ్నించుకొనినచో, ఆ ప్రశ్నకు సమాధానము నూలు నడచిన త్రోవలోనే యెంత దూరము నడచివచ్చినదో తెలిసికొని విస్మయపడక మానడు. ఆ గుల్లను గుర్తించుట మనుష్యుడు నేర్చికొనిన చరిత్రయే యీ వ్యాసమునకు విషయము.

భివండి సముద్రతీరమున నున్న పట్టణము కాదు. అట్లని సముద్రముతో చుట్టరికము లేనిదియు కాదు. ఠాణే నగరమునకు ఈశాన్యమున కామవారి యేటి యొడ్డున నున్న యీ యూరికి దక్షిణముగా ఉల్హాస్ నది సాగి, కల్యాణ్ దాటిన పిదప ఉప్పునీటి ఖాడిగా మారి, వసయీ వద్ద అరేబియా సముద్రమును కలియును. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయబడిన పెరిప్లస్ అను నౌకాయాన గ్రంథమున 'కల్లియేనా' యని పేర్కొనబడిన రేవు ఈ కల్యాణే; అది శాతవాహనుల యేలుబడి నెరిగిన రేవు గనుక, తెలుగు నేలకును ఈ ఖాడికిని గల పరిచయము నిన్నమొన్నటిది కాదు. ఆంగ్లప్రభుత్వపు గెజిటీరులు వ్రాయబడిన నాటికి భివండి బియ్యము, ఎండుచేపలు, బట్ట, గడ్డి, కలప చేతులు మారు వర్తకస్థానము. 1857 నాటి తిరుగుబాటు తరువాత ఉత్తరహిందూస్థానము విడిచి దక్షిణమునకు నడచివచ్చిన మోమిన్ నేతగాండ్రు మాలేగాఁవ్‌లో వలెనే ఇచటను మగ్గములు పాతిరి. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధముననే విద్యుచ్ఛక్తితో నడచు మగ్గములు వారి చేతిమగ్గముల స్థానము నాక్రమింప నారంభించినవి. 1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున బొంబాయి మిల్లు కార్మికులు సాగించిన మహాసమ్మె ముగియకయే ముగిసిన పిదప, మిల్లుల పనియు, మిల్లులలోని పాత మగ్గములును గూడ భివండి దారి పట్టినవి.

ఆ దారిలోనే తెలుగువారును వచ్చిరి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ మండలముల పద్మశాలీలు, చేతిమగ్గము కూడు పెట్టజాలని కాలమున షోలాపురము, బొంబాయి, భివండి పట్టణములకు తరలి, భివండిలో పద్మనగర్ అను పేటనే తమదిగా చేసికొనిరి. వారు నోటితో మరమగ్గమనరు, సాంచా యందురు. నాడె, కండె, పడుగు, పేక యను పుట్టింటి మాటలు మాత్రము ఆ సాంచాల చప్పుడులోను చెదరలేదు. భివండిలో పని నేర్చి తిరిగివచ్చిన చేతులే తరువాత సిరిసిల్ల సాంచాలకు అలవాటైన చేతులైనవి. చెరువును, వాగును తప్ప నీటి వెడల్పు నెరుగని ఆ తెలంగాణపు మెట్టవారిలో పెక్కుమంది సముద్రమను వస్తువును కన్నుల చూచినది బొంబాయి వచ్చిన పిదపనే.

వారు చూచిన ఆ తీరమున నున్న రాయి యెట్టిదో ముందుగా తెలిసికొనవలెను. బొంబాయి రాళ్ళు సుమారు 6.6 కోట్ల సంవత్సరములకు పూర్వము భూగర్భమునుండి పొంగి పొరలుపొరలుగా పరచుకొనిన నల్లసేనపు శిలలు. దక్కను పీఠభూమిలో పెద్ద భాగమును కప్పిన యీ పరపు పశ్చిమమున సముద్రములోనికి జారి, తూర్పున ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతముల వరకు వ్యాపించి, దాని ప్రవాహమొకటి రాజమహేంద్రవరము దాక పోయి ఆగినది. ఒక పొంగునకును మరియొక పొంగునకును నడుమ ఏర్పడిన మడుగులలో బ్రతికిన నత్తలు శిలలై నిలిచియున్నవి. నాగపురమున నుండిన స్టీఫెన్ హిస్లప్ అను మతాచార్యుడు 1860లో ప్రకటించిన పరిశోధనలో మధ్యహిందూస్థానపు మంచినీటి నత్తలతో బాటు రాజమహేంద్రవరపు గుల్లలును చోటు చేసికొనినవి. ఈ రాయి చివికినప్పుడు నల్లరేగడి యగును. రేగడిలో ప్రత్తి పండును. ప్రత్తి నూలై భివండి చేరును. కాబట్టి బాంద్రా వద్ద గుల్ల పట్టుకొని వ్రేలాడు రాయియు, దళారి అద్దము క్రింద కనవచ్చు పోగును ఒకే తల్లి బిడ్డలు.

ఇక గుల్ల మాట. ఆంగ్లమున దీనిని పెరివింకిల్ అందురు. ఆ పేరు వినగానే మన పెరటి బిళ్ళగన్నేరు తలపునకు వచ్చును. ఎందుచేతననగా ఆంగ్లేయులు ఆ పువ్వు నదే మాటతో పిలుతురు. పువ్వు పేరు లాటిను మాటయైన పెర్వింకా నుండియు, నత్త పేరు ప్రాచీనాంగ్లపు మాటయైన పైన్‌వింకిల్ నుండియు బయలుదేరి, శతాబ్దముల యరుగుదలలో ఒకే యుచ్చారణలో కలిసినవి. లండను వీధులలో వీనిని ఉడుకబెట్టి అమ్మువారును, గుండుసూదితో మాంసమును లాగి తినువారును పందొమ్మిదవ శతాబ్దమున నుండిరి. మనవారికి ఇది తిండిగింజ కాదు, శంఖము వలె పూజార్హము కాదు, గవ్వ వలె ఆటకు రాదు. గుల్ల యను సామాన్యనామముతో తృప్తిపడి దానిని దాటిపోవుటకు అదియే కారణము కావచ్చును.

ఈ ప్రాణి విశేషము దాని నివాసములో నున్నది. సముద్రజీవియై యుండియు ఇది సముద్రములో నుండదు. పెద్దపోటు నాటి కెరటపు తుంపర తగిలీ తగులని యెత్తున, ఎండకు కాలు మాడు రాతిమీద, నెరియలలో గుంపులుగా నుండును. నీరు దూరమైనపుడు కాలును లోనికి ముడుచుకొని, తోలువంటి పలుచని మూతతో వాకిలి మూసి, గుల్ల పెదవిని ఎండిన జిగురుతో రాతికంటించి, అంటియంటని విధమున వ్రేలాడును. అట్లుండుటచే రాతివేడి ఒడలికి సోకదు, ఒడలితడి బయటికి పోదు. తడి తగిలిన రాత్రులలో బయటపడి, రాతిపై కంటికి కానరాని నాచుపొరను నాలుకతో గీరుకొని తినును. ఆ నాలుక పొడవైన నాడావంటిది; దానిపై అడ్డవరుసకు ఏడేసి పండ్లు, మగ్గపు పన్నెలోని పుల్లల వలె తప్పక నిలిచియుండును. ప్రపంచపు రాతితీరముల నెల్ల పోల్చిచూచిన స్టీఫెన్సన్ దంపతులు 1949లో, పోటునీటి హద్దున నున్న యెగువపట్టీకి ఈ నత్తల పేరే పెట్టిరి. బొంబాయిలో పెద్ద పోటుపాటుల నడుమ నీటిమట్టము నాలుగైదు మీటర్లు ఎక్కిదిగును గనుక రాతిమీది పట్టీలు విశాలముగా విడివిడిగా కనబడును. విశాఖపట్టణమున ఆ భేదము రెండు మీటర్లకు మించదు గనుక నత్తల పట్టీయు, దాని క్రింది రాతియాల్చిప్పల పట్టీయు ఒకదానిపై నొకటి ఒరసికొనియుండును.

గుర్తింపు ప్రారంభింతము. కొనను పైకిని, వాకిలిని మనవైపునకును ఉండునట్లు గుల్లను పట్టుకొనిన, వాకిలి కుడిచేతి వైపున నుండును. వాకిలి అర్ధచంద్రాకారమై, లోపలి యంచు బల్లపరుపై, మూత రాయివలె గట్టిగా నున్నచో అది నెరైటా కుటుంబపు నత్త, మనకు కావలసినది కాదు. వాకిలి లోపల ముత్యపుచిప్ప మెరుగున్నచో అది ట్రోకస్, టర్బో కుటుంబముల లోనిది. మన నత్తకు ఆ మెరుగు ఉండనే యుండదు. వాకిలి క్రిందికొసన చిన్న నొక్కు ఉన్నచో అది ప్లానాక్సిస్. ఇది అదే రాతిమీద, అదే పరిమాణమున నుండి క్రొత్తవారి నందరిని మోసగించును. నొక్కు లేక, మెరుగు లేక, వాకిలి గుండ్రముగా నుండి, మూత పలుచనై రెండుమూడు చుట్లు మాత్రమే కలదైనచో, అప్పుడు అది లిట్టొరైనిడే కుటుంబమునకు చెందినదని నిశ్చయింపవచ్చును.

ఇచటనే పోగుల అద్దము పనికివచ్చును. మన దేశపు తీరములలో ఈ కుటుంబమున ముఖ్యముగా రెండు ప్రజాతులు కలవు. చుట్లమీద పూసలు గుచ్చినట్లు బొడిపెల వరుసలు తీరియున్నచో అది ఎకైనోలిట్టొరైనా కావలెను. బొడిపెలు లేక, సన్నని గాళ్ళు మాత్రమే చుట్టు వెంబడి సాగుచున్నచో లిట్టొరేరియా కావలెను. లిట్టొరేరియాలలో పెక్కు మడచెట్లను ఆశ్రయించునవే యైనను, 1839లో గ్రే అను పండితుడు పేరు పెట్టిన అండ్యులేటా యను జాతి రాతినే కోరుకొనును. దాని యొంటిమీద అలలవంటి గీతలుండుటచే ఆ పేరు వచ్చినది. ఆ గీతలు ఒకదానిలో ముదురుగోధుమ వన్నె, ఒకదానిలో పసుపు, మరియొకదానిలో ఉండీ లేనట్లును కానవచ్చును. కాబట్టి గీతలను నమ్మక, గాళ్ళను లెక్కింపవలెను. చిరకాలపు గుల్లలలో కొన యరిగిపోయి చుట్ల లెక్క తప్పును. అందుచే వయసు మీరనిదానినే పరీక్షకు తీసికొనవలెను.

అద్దముతో బట్టను చూచు అలవాటు ప్రాణిశాస్త్రమునకు క్రొత్త కాదు. హాలండు దేశమున డెల్ఫ్ట్ నగరమున నుండిన లీవెన్‌హుక్ బట్టల వర్తకుడు. నూలు నాణెమును చూచుటకు భూతద్దము లుపయోగించు వృత్తిలో పెరిగినవాడు. తాను స్వయముగా నూరుకొనిన కటకములతో నీటిబొట్టును, రక్తమును పరీక్షించి, 1673 మొదలుకొని లండను రాయల్ సొసైటీకి లేఖలు వ్రాయుచు, ఆల్చిప్పలు ఇసుకనుండి తమంత తాము పుట్టుననెడి పూర్వవిశ్వాసమును ఖండించి, అవియు గ్రుడ్డునుండియే పుట్టునని చూపెను. పోగు లెక్కించిన కంటికి జీవము నెంచుట దూరపు పని కాలేదు.

పేర్ల చరిత్ర అంత సులభముగా సాగలేదు. స్వీడను దేశీయుడైన లిన్నేయసు 1758లో ఐరోపా తీరపు పెరివింకిల్‌నకు బొంగరము నర్థముగా గల టర్బో యను ప్రజాతిలో చోటిచ్చెను. 1822లో ఫెరుస్సాక్ అను ఫ్రెంచి పండితుడు తీరవాచకమగు లాటిను శబ్దమునుండి లిట్టొరైనా యను పేరు కల్పించెను. అటుపిమ్మట ప్రపంచపు నలుమూలలనుండి ఓడలలో వచ్చిన గుల్లలను బల్లలమీద పరచుకొని, రూపము కొంచెము మారిన చోటనెల్ల క్రొత్తపేరు పెట్టుట పండితులకు పరిపాటి యైనది.

బొంబాయి గుల్లల వంతును అట్లే వచ్చినది. మెల్విల్, అబర్‌క్రాంబీ యను ఇరువురు 1893లో బొంబాయి సముద్రపు గుల్లల పట్టిక నొకదానిని ప్రకటించిరి. అది ప్రకటింపబడిన స్థానము బొంబాయి కాదు, లండను కాదు, మాంచెస్టరు నగరపు సాహిత్య తత్త్వసంఘపు సంచికలు. 1861 మొదలుకొని 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగిన కాలమున బొంబాయి ప్రత్తి యే నగరపు మిల్లుల ఆకలి తీర్చుటకు ఓడలలో వెడలెనో, ఏ నగరపు బట్ట తిరిగివచ్చి తెలుగు నేతగాని మగ్గమును గూటిలో పడవేయించెనో, ఆ నగరమునకే బొంబాయి గుల్లలును పేర్లు తెచ్చుకొనుటకు పోయినవి. ప్రత్తి పోయి బట్టయై వచ్చినట్లు, గుల్ల పోయి లాటిను నామమై వచ్చినది. మెల్విల్ సేకరించిన గుల్లలు చేతులు మారి నేడు కార్డిఫ్ నగరపు వేల్సు జాతీయ వస్తుప్రదర్శనశాలలో నున్నవి. తరువాతి కాలమున ఆ పని యిచటివారి చేతికి వచ్చినది: సుబ్రహ్మణ్యము, కరందికర్, మూర్తి గారలు బొంబాయి విశ్వవిద్యాలయపు పత్రికలో 1952 ప్రాంతమున బొంబాయి నత్తలను క్రమముగా వర్ణించిరి, మద్రాసు మత్స్యశాఖలో చిరకాలము పనిచేసిన జేమ్సు హార్నెల్ వ్రాసిన భారతీయ గుల్లల గ్రంథమును 1951లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము ప్రకటించినది.

రూపమును చూచి పేరు పెట్టుటలోని ప్రమాద మెంతటిదో తెలుపుటకు ఐరోపా తీరపు ముతకగుల్ల యొకటి చాలును. 1792లో ఓలివీ యను నతడు వెనిసు ఉప్పుకయ్యలలో చూచి సాక్సాటిలిస్ అని పేరు పెట్టిన యీ నత్తకు, అది క్రొత్తదే యని భ్రమించి తరువాతివారు పెట్టిన పేర్లను గూడ 2015లో ప్రపంచ సముద్రజీవుల పట్టికవారు లెక్కించగా మొత్తము 113 తేలినవి. ఇందులకు కారణము పండితుల అవివేకము మాత్రమే కాదు, నత్త సంసారవిధానము గూడ. సాధారణపు పెరివింకిల్ గ్రుడ్లను నీటిలో వదలును; పిల్లలు వారములకొలది కెరటములలో తేలియాడి దూరతీరములకు చేరును గనుక అన్ని చోట్ల ఇంచుమించు ఒకే రూపముండును. సాక్సాటిలిస్ అట్లు కాదు, పిల్లలను కడుపులోనే పెంచి రాతిమీదనే దించును. పుట్టిన రాయిని విడువని సంతతి ఆ రాతికి తగిన రూపమునే తాల్చును. ఎండ్రకాయలు అధికముగా నున్నచోట, వాని డెక్కలకు పగులకుండుటకై గుల్ల పెద్దదై దళసరియగును. కెరటము కొట్టుచోట, పట్టు విడువకుండుటకై కాలు వెడల్పై, గుల్ల చిన్నదై పలుచనగును. ఒకే బండకు ఆ ప్రక్క ఈ ప్రక్క నున్న వానిని చూచినవాడు రెండు జాతులని వ్రాయక యేమి చేయును?

తూర్పు సముద్రముల గుల్లలలో దీనికి విపరీతమైన తప్పు జరిగినది: అచట అనేకము లొకటిగా చూడబడినవి. బొడిపెలు గల గుల్లలను నోడిలిట్టొరైనా యను ప్రజాతిలో చేర్చి, బొడిపె యుండుటయే బంధుత్వమునకు గుర్తని చిరకాలము నమ్మిరి. లండను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు చెందిన డేవిడ్ రీడ్ 1986లో మడచెట్ల నత్తలను గూర్చి పెద్ద గ్రంథము వ్రాయుచు, గుల్లనే కాక లోపలి యవయవములను, నాలుకను, గ్రుడ్డుతిత్తిని గూడ పరీక్షించెను. 2003లో అతడును అతని సహచరులును జన్యుద్రవ్యపు అక్షరములను పోల్చిచూడగా, బొడిపె లనునవి సంబంధము లేని శాఖలలో వేరువేరుగా మొలచినవని తేలినది. అంతటితో నోడిలిట్టొరైనాలో ఆస్ట్రేలియా జాతి యొక్కటియే మిగిలినది. మన సముద్రముల బొడిపెగుల్లలు ఎకైనోలిట్టొరైనాలోనికి వచ్చినవి. 2007లో వాని సమగ్రవర్ణనము వెలువడినది. హాంగ్‌కాంగు తీరమున ఒకే నత్త మొదట పిరమిడాలిస్ అనియు, పిదప ట్రోకాయిడిస్ అనియు పిలువబడి, తుదకు 1847లోనే ఫిలిప్పీ యను పండితుడిచ్చిన మలక్కానా యను పేరునకు తిరిగివచ్చినది. పేరు మారినందున నత్త మారలేదు. చూచువాని లెక్క సరియైనది.

ఈ రెండు తప్పులును భివండికి పరాయివి కావు. కేంబ్రిక్, పాప్లిన్, మల్లు, లాంగ్‌క్లాత్ అని బజారున నాలుగు పేర్లు వినవచ్చును. నాలుగింటి నేతయు ఒకటే, పడుగుపోగు మీదుగ నొకమారు క్రిందుగ నొకమారు పేక పోవు సాదానేతయే. భేదమంతయు నూలు సన్నదనములోను, అంగుళమునకు గల పోగులలోను ఉన్నది. 840 గజముల చుట్టలు పౌనునకు 40 తూగినచో అది 40 కౌంటు నూలు. ఈ లెక్క యెరిగినవానికి నాలుగు పేర్లును ఒకే కుటుంబములోని నలుగురు, ఎరుగనివానికి నాలుగు కులములు. ఇక రెండవ తప్పు మనుష్యుల విషయమున జరిగినది. నైజాము రాజ్యమునుండి బొంబాయికి కూలికి వచ్చిన తెలుగువారి నందరిని, నేతవాడు కానిండు, రాతిపనివాడు కానిండు, ఇంటిపనివాడు కానిండు, ఆ నగరము కామాఠీ యను నొక్క మాటతో పిలిచినది; కామాఠీపురా యను పేట నేటికిని ఆ పేరుతోనే యున్నది. ఆ మాట వెనుక ఎన్ని యూళ్ళు, ఎన్ని వృత్తులు, ఎన్ని యాసలున్నవో లెక్కించిన అద్దము చాలకాలము వరకు లేదు. ఒకదానికి 113 పేర్లు పెట్టుటయు, పెక్కింటిని ఒకే పేరుతో తోసివేయుటయు తలక్రిందులైన తప్పులుగా తోచును గాని, రెండింటి మూలమును ఒకటే: నిమిరి చూచి నిర్ణయించుట.

భివండి నుండి ఠాణే పోవు బాట కాశేలీ వద్ద ఖాడిమీద వంతెన దాటును. ఈ తీరపు ఖాడీల యొడ్డులను మరాఠీవారు తివర్ అని పిలుచు తెల్లమడ చెట్లు పట్టుకొనియుండును. పోటు పొంగు వేళ మడమ్రాను మీది లిట్టొరేరియా నీటికంటె ముందుగనే మెల్లగా పైకి ప్రాకును. పాటు వేళ తడిసిన బెరడు మీది నాచును మేయుచు మరల దిగును. సముద్రము చూచుటకు బాంద్రా వరకు పోయినవాడు, సముద్రమే తన యూరి దాపునకు వచ్చిపోవుచున్న యీ తావును సాధారణముగా బస్సు కిటికీలోనుండియే దాటిపోవును. ఒక్కమారు పాటు చూచి దిగి, చెట్టుమొదట నిలిచి, బట్టకు వాడిన యద్దమునే గుల్లకు పట్టి, వాకిలిలో మెరుగు లేదని, క్రిందికొసన నొక్కు లేదని, చుట్టు మీద బొడిపె లేదని చూచికొని, గాళ్ళను సూదిమొనతో ఒకటి రెండని లెక్కింప మొదలిడినవానికి, ఆ పని తనకు చిరపరిచితమైనదే యని చేయియే చెప్పును.